ముద్దాయి మనిషా, కోర్టు మనిషా?

జర్మనీలో చదువుకుంటున్న మన కుర్రాడొకడు సాయంత్రం గదికి వచ్చేసరికి పోస్టు డబ్బాలో పసుపు పచ్చ కవరు ఉందనుకోండి. మామూలు ఉత్తరం కాదది. కవరు మీద ఒక గడిలో ఆ రోజు తేదీ చేత్తో రాసి ఉంటుంది. లోపల కొన్ని పేజీల జర్మన్. కుర్రాడికి చప్పున అర్థమయ్యేవి అంకెలే: 30 రోజులు, రోజుకు 40 యూరోలు, మొత్తం 1,200. ఏం చేశానా అని గుర్తు తెచ్చుకుంటే, ఎప్పుడో సూపర్ మార్కెట్ పార్కింగులో పక్క కారుకు గీత పెట్టాడు. దాని అద్దానికి తన ఫోన్ నంబరు చీటీ పెట్టి మరీ వచ్చాడు. మర్యాదగానే నడుచుకున్నాననుకున్నాడు. జర్మన్ చట్టానికి చీటీ చాలదు. కారు యజమాని కోసం తగినంతసేపు ఆగాలి, ఆయన రాకపోతే వెంటనే పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ప్రమాదం చేసి పారిపోయినట్టే.

ఆ కాగితం పేరు ష్ట్రాఫ్‌బెఫేల్. అంటే శిక్ష ఉత్తర్వు. సాక్షుల్ని పిలవకుండా, ముద్దాయి మొహం చూడకుండా, ప్రాసిక్యూటర్ అడిగితే జడ్జి ఫైలు చదివి సంతకం పెట్టేస్తారు. చిన్న నేరాల్లో చాలా భాగం అక్కడ ఇలా కాగితం మీదే తేలిపోతుంది. కవరు మీది తేదీ నుంచి రెండు వారాల్లోగా అభ్యంతరం చెప్పకపోతే ఆ ఉత్తర్వు తీర్పుతో సమానమవుతుంది.

జర్మనీలో క్రిమినల్ లాయరు పని తరచుగా ఈ కవరుతోనే మొదలవుతుంది. సినిమాలో లాయరు బల్ల గుద్ది ‘అబ్జెక్షన్ యువరానర్’ అంటాడు. జర్మన్ లాయరు ముందు క్యాలెండరు చూస్తాడు, తర్వాత లెక్క చూస్తాడు. అక్కడ జరిమానా రోజుల్లో వేస్తారు. నేరం ఎంత పెద్దదైతే అన్ని రోజులు. రోజు రేటు మాత్రం ముద్దాయి సంపాదనను బట్టి ఉంటుంది. ఒకే తప్పుకు కూలివాడికీ కోటీశ్వరుడికీ ఒకే నొప్పి కలగాలన్నది దాని వెనకున్న ఆలోచన. కుర్రాడి ఆదాయం తెలియక కోర్టు రోజుకు 40 అని అంచనా కట్టింది. ‘నేరం సంగతి సరే, రోజు రేటు మీదే మా అభ్యంతరం’ అని లాయరు రాసి, బ్యాంకు కాగితాలు జతచేస్తే, అందరూ ఒప్పుకున్నప్పుడు జడ్జి విచారణ లేకుండానే రేటు సవరించవచ్చు. రోజుకు 15 అయితే 1,200 కాస్తా 450 అవుతుంది. అలా కాకుండా మొత్తం ఉత్తర్వునే ఎదిరిస్తే కేసు కోర్టు హాలుకెక్కుతుంది. అక్కడ శిక్ష తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. ఏ దారి మేలో తూచి చెప్పడానికే లాయరుకిచ్చే ఫీజు.

మౌనం అంగీకారం కాదు

‘మౌనం అర్ధాంగీకారం’ అని మనకో మాట ఉంది. జర్మన్ క్రిమినల్ లాయరు తన దగ్గరికొచ్చిన వాళ్లకు దీనికి తలకిందుల పాఠం చెబుతాడు. పోలీసుల నుంచి పిలుపు వస్తే నిందితుడు వెళ్లి తీరాలని లేదు. ప్రాసిక్యూటరో జడ్జో పిలిస్తే వెళ్లాలి. వెళ్లినా పేరు, చిరునామా లాంటి వివరాలు చెబితే చాలు, నేరం గురించి నోరు విప్పనక్కర్లేదు. మొదటి నుంచి చివరి దాకా మాట్లాడకపోతే, ఆ మౌనాన్ని జడ్జి అతనికి వ్యతిరేకంగా లెక్కించకూడదు. అందుకే లాయరు మొదటి సలహా ‘ఏమీ చెప్పకు’. మొదటి ఉత్తరం ‘ఫైలు చూపించండి’.

ఫైలంటే మామూలు సంగతి కాదు. పోలీసులు రాసుకున్న ప్రతి ముక్క, సాక్షుల వాంగ్మూలాలు, ఫొటోలు, నిపుణుల నివేదికలు అన్నీ అందులో ఉండాలి. దర్యాప్తు నడుస్తుండగా కొన్ని కాగితాలు ఆపవచ్చు గానీ, అది ముగిశాక లాయరుకు మొత్తం చూపించాల్సిందే. దర్యాప్తు చేసేవాళ్లు నిందితుడికి కీడు చేసే ఆధారాలతో పాటు మేలు చేసేవి కూడా వెతకాలని చట్టమే చెబుతుంది. వెతికారో లేదో ఫైలు తిరగేస్తేనే తెలుస్తుంది. ఇక అరెస్టయిన మనిషిని మన రాజ్యాంగం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టమంటుంది. జర్మన్ రాజ్యాంగం మర్నాడు ముగిసేలోగా జడ్జి ముందుకు తేవాలంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే లాయరు పరుగెత్తాలి. జర్మన్ రానివాళ్లకు ప్రభుత్వమే ఉచితంగా దుబాసీని పెట్టాలి.

కోర్టు హాలులో ఎవరు అడుగుతారు?

మన కోర్టుల్లో సాక్షిని ముందు ఒక పక్షం లాయరు అడుగుతాడు, తర్వాత ఎదుటి పక్షం క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తుంది. జడ్జి ఎక్కువగా వింటారు. జర్మనీలో ఇది తిరగబడుతుంది. నిజం తవ్వి తీసే బాధ్యత కోర్టుదే. ఫైలంతా ముందే చదివి వచ్చిన ప్రధాన జడ్జే సాక్షిని మొదట అడుగుతారు. తర్వాత తోటి జడ్జిలు, ప్రాసిక్యూటరు, బాధితుల లాయర్లు. డిఫెన్సు వంతు వచ్చేసరికి సాక్షి చెప్పాల్సింది చాలావరకు చెప్పేసి ఉంటాడు. మిగిలిన ఇరుకు సందులోంచే లాయరు దారి చేసుకోవాలి. అతని చేతిలో ఉన్న గట్టి ఆయుధం, ‘ఫలానా సాక్షిని పిలవండి, ఫలానా విషయం రుజువవుతుంది’ అని పెట్టే దరఖాస్తు. చట్టంలో రాసిన కారణం చూపకుండా జడ్జి దాన్ని తోసిపుచ్చలేరు.

జ్యూరీ లేదు. మన దేశంలో జ్యూరీ కథ నానావతి హత్య కేసుతో గుర్తుండిపోయింది. జర్మనీ అంతకు చాలా ముందే, 1924లోనే, దాన్ని తీసేసింది. బదులుగా మామూలు పౌరులు ఇద్దరు జడ్జి పక్కనే కూర్చుంటారు. వాళ్లను షోఫెన్ అంటారు. ఐదేళ్లకోసారి వాళ్ల ఎంపిక జరుగుతుంది. దోషి అనాలంటే మూడింట రెండు వంతుల ఓటు కావాలి. ఒక జడ్జి, ఇద్దరు పౌరులు ఉన్న కోర్టులో ఆ పౌరులిద్దరూ కలిస్తే జడ్జిగారి మాట ఓడిపోతుంది. అందుకే మంచి లాయరు చట్టం తెలిసిన కళ్లకే కాదు, చట్టం చదవని కళ్లకూ అర్థమయ్యేలా మాట్లాడతాడు. వాదనలన్నీ ముగిశాక చివరి మాట లాయరుది కూడా కాదు. అది ముద్దాయి హక్కు.

బయటివాళ్లు నమ్మలేని సంగతి ఒకటుంది. కింది కోర్టులో శిక్షపడ్డ చిల్లర దొంగ పైకెళితే సాక్షుల్ని రెండోసారి వింటారు. హత్య కేసు నేరుగా పెద్ద కోర్టులో మొదలవుతుంది. దానిమీద అప్పీలు కార్ల్‌స్రూహెలో ఆఫీసున్న సుప్రీం స్థాయి కోర్టుకు వెళుతుంది. ఆ కోర్టు క్రిమినల్ బెంచీలు కొన్ని లైప్‌జిగ్‌లో కూర్చుంటాయి. అక్కడ చట్టపరమైన తప్పులే చూస్తారు, సాక్షుల్ని మళ్లీ పిలవరు. అంటే దొంగతనానికి రెండుసార్లు విని, హత్యకు ఒక్కసారే వింటారు. పైగా హత్య కేసు విన్న ఆ పెద్ద కోర్టులో సాక్షి చెప్పిన మాటలను పొల్లుపోకుండా రాసే పద్ధతి లేదు. ఎవరి నోట్సు వాళ్లదే. దీనిమీద లాయర్లు ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. రికార్డింగు పెట్టాలని 2023లో బిల్లు వచ్చింది గానీ రాష్ట్రాల సభ దగ్గర చిక్కుకుపోయింది.

వద్దన్నా లాయరు

ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. మన దేశంలో ప్రభుత్వ ఖర్చుతో లాయరు అనగానే పేదవాడు గుర్తుకొస్తాడు. జర్మనీలో కొలత పేదరికం కాదు, కేసు బరువు. కనీసం ఏడాది జైలు పడే నేరం మోపితే, పెద్ద కోర్టులో విచారణ జరిగితే, రిమాండులో పెడితే లాయరు ఉండి తీరాలి. ముద్దాయి కోటీశ్వరుడైనా సరే, ‘నాకెవరూ వద్దు, నేనే వాదించుకుంటా’ అన్నా సరే. ముందు అతన్నే పేరు చెప్పమంటారు. చెప్పకపోతే కోర్టు నియమిస్తుంది. ఇలాంటి కేసు లాయరు లేకుండా నడిస్తే తీర్పు పై కోర్టులో నిలవదు. ఫీజు ముందు ప్రభుత్వం ఇస్తుంది. దోషిగా తేలితే ఆ ఖర్చు ముద్దాయి నుంచే రాబడుతుంది.

అయితే ఈ లాయరు ఎవరి మనిషి? న్యాయవాదుల చట్టం మొదటి సెక్షన్ అతన్ని న్యాయవ్యవస్థలో స్వతంత్రమైన అంగం అంటుంది. వినడానికి బాగుంది. నడిపి చూస్తేనే చిక్కు తెలుస్తుంది. 1975లో ష్టామ్‌హైమ్‌లో రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే తీవ్రవాద ముఠా నాయకుల విచారణ మొదలైనప్పుడు, ముద్దాయిలు కోరుకున్న లాయర్లు కొందరిని కోర్టు తప్పించి, వాళ్లు వద్దన్న లాయర్లను పక్కన కూర్చోబెట్టింది. ఒక ముద్దాయి ముగ్గురికి మించి లాయర్లను ఎంచుకోరాదని, ఒకే కేసులో ఒకే లాయరు ఇద్దరు ముద్దాయిల తరఫున నిలబడరాదని అప్పుడు తెచ్చిన నిబంధనలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కేసులో ముద్దాయి అయిన గుడ్రున్ ఎన్‌స్లిన్ పక్షాన వాదించిన ఒట్టో షిలీ, 1998లో అదే దేశానికి హోం మంత్రి అయ్యారు. తీవ్రవాదుల లాయరు తీవ్రవాది కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

రెండో ఉదాహరణ మ్యూనిక్‌లోది. వలస కుటుంబాల వారిని తొమ్మిది మందిని, ఒక మహిళా పోలీసును చంపిన నయా నాజీ ముఠా కేసులో బేయాటె ట్షేపె విచారణ 2013 మే నుంచి 2018 జులై దాకా 438 రోజులు సాగింది. మధ్యలో ఆమె తన ముగ్గురు లాయర్లనూ వద్దంది. కోర్టు ఒప్పుకోలేదు. తర్వాత ఆ లాయర్లే ‘మమ్మల్ని వదిలేయండి’ అని అడిగారు. దానికీ ఒప్పుకోలేదు. అప్పటికే నాలుగో లాయరును ఇచ్చిన కోర్టు, పాత ముగ్గురినీ అక్కడే కూర్చోమంది. కారణం కఠినంగా ఉన్నా సూటిగానే ఉంది. వాళ్లు తప్పుకుంటే రెండేళ్ల విచారణ మళ్లీ మొదటికొస్తుంది. ముద్దాయి పలకరించని లాయరు, ముద్దాయితో మాట పడిపోయినా లేవలేని లాయరు. రెండు పడవల మీద కాళ్లంటే ఇదే.

అబద్ధమాడకూడదు, నిజం చెప్పకూడదు

రోజువారీ పనిలో ఈ రెండు కాళ్ల నడక ఇలా ఉంటుంది. ముద్దాయి లాయరు గదిలో ‘నేనే చేశాను’ అన్నాడనుకోండి. లాయరు ఆ మాట బయటపెడితే వృత్తి రహస్యాన్ని అమ్ముకున్న నేరం. అలాగని ‘ఇతను చేయలేదు, ఆ రోజు ఊళ్లోనే లేడు’ అని తెలిసి తెలిసి కోర్టులో అబద్ధం చెప్పకూడదు. దొంగ సాక్షిని తయారుచేస్తే తనే ముద్దాయి అవుతాడు. మధ్యలో మిగిలేది ఒక్క వాక్యం: ‘ఇక్కడున్న ఆధారాలు దోషి అనడానికి చాలవు.’ ఆ వాక్యం నిజమైతే విడుదల కోరడం తప్పు కాదు, అతని విధి. లోకం దృష్టిలో ఇది దోషిని కాపాడటం. అతని దృష్టిలో ప్రభుత్వం చేత దాని లెక్క సరిగ్గా అప్పజెప్పించడం.

ఈ వృత్తిలోకి దారి పొడుగైనది. యూనివర్సిటీలో న్యాయశాస్త్రం, మొదటి రాష్ట్ర పరీక్ష, రెండేళ్ల శిక్షణ, రెండో రాష్ట్ర పరీక్ష. జడ్జికీ ప్రాసిక్యూటరుకూ లాయరుకూ ఇదే చదువు. ఆ రెండేళ్లలో శిక్షణార్థి కొన్నాళ్లు కోర్టులో, కొన్నాళ్లు ప్రాసిక్యూటర్ దగ్గర, కొన్నాళ్లు లాయరు ఆఫీసులో పనిచేస్తాడు. రేపు డిఫెన్సు బల్ల దగ్గర కూర్చునే మనిషి చిన్న కేసుల్లో నల్ల గౌను వేసుకుని ప్రాసిక్యూటర్ తరఫున శిక్ష అడిగి ఉంటాడు. లైసెన్సు వచ్చాక క్రిమినల్ లా స్పెషలిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే మూడేళ్ల అనుభవం, 120 గంటల కోర్సు, 60 కేసులు, షోఫెన్ కూర్చునే కోర్టులో గానీ ఆ పైస్థాయి కోర్టుల్లో గానీ 40 విచారణ రోజులు చూపించాలి. ఆ తర్వాత కూడా ఏటా 15 గంటలు చదువుకోవాలి.

ఒక వీధి పేరు

స్వతంత్రం అన్న మాట చట్టంలో ఎందుకంత ముందుందో తెలియాలంటే బెర్లిన్‌లోని లిట్టెన్ వీధికి వెళ్లాలి. హాన్స్ లిట్టెన్ 1903లో పుట్టారు. తండ్రి లా ప్రొఫెసరు. కొడుకు కార్మికుల లాయరయ్యారు. 1930 నవంబరులో ఎడెన్ డాన్స్ హాల్ మీద నాజీ దళం దాడి చేసింది. గాయపడ్డ కార్మికుల పక్షాన లిట్టెన్ కోర్టుకెళ్లారు. 1931 మే 8న మోఆబిట్ క్రిమినల్ కోర్టుకు హిట్లర్‌నే సాక్షిగా రప్పించారు. తన పార్టీ చట్టం దాటదని హిట్లర్ అంతకు ముందే లైప్‌జిగ్ కోర్టులో ప్రమాణం చేసి ఉన్నాడు. అలాగైతే మీ గోబెల్స్ పుస్తకంలో బలప్రయోగం గురించి ఎందుకు రాశాడని లిట్టెన్ గుచ్చి గుచ్చి అడిగారు. హిట్లర్ మొహం ఎర్రబడింది, గొంతు లేచింది.

ఆ ప్రశ్నలను హిట్లర్ మరిచిపోలేదు. 1933 ఫిబ్రవరి 28న, పార్లమెంటు భవనం తగలబడిన రాత్రి తెల్లవారేలోగా, లిట్టెన్‌ను పట్టుకెళ్లారు. ఐదేళ్లు క్యాంపుల్లో చిత్రహింసలు పెట్టారు. 1938 ఫిబ్రవరి 5న డాకౌలో ఉరివేసుకున్నారు. వయసు 34. తల్లి ఇర్మ్‌గార్డ్ తిరగని గడప లేదు, కొడుకును విడిపించుకోలేకపోయింది. జర్మనీలో లాయర్లు అప్పుడూ ఉన్నారు, కోర్టులూ నడిచాయి. అధికారంలో ఉన్నవాడిని ప్రశ్న అడిగి ఇంటికి క్షేమంగా తిరిగొచ్చే లాయరు మాత్రం లేకుండా పోయాడు.

ఇవాళ జర్మనీ న్యాయవాదుల సమాఖ్య కార్యాలయం ఆ వీధిలోనే, ఆయన పేరున్న భవనంలోనే ఉంది. ముద్దాయి మనిషా, కోర్టు మనిషా అన్న ప్రశ్నకు ఆ దేశం చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్న జవాబు ఒక్కటే: ఎవరి జీతగాడూ కాకూడదు. మన కుర్రాడి 450 యూరోల కేసులో ‘ఫైలు చూపించండి’ అని రాసే లాయరు వాడుకునేదీ ఆ స్వతంత్రాన్నే. కాబట్టి పసుపు కవరు వస్తే కంగారుపడి చించి పారేయకండి. లోపలి కాగితంతో పాటు ఆ కవరునూ దాచండి. లాయరు మొట్టమొదట అడిగేది దాని మీద చేత్తో రాసిన ఆ తేదీనే.