శామ్ బెర్న్స్ మోసిన డ్రమ్ము

డ్రమ్ము, దాన్ని భుజాలకు తగిలించుకునే పట్టీలు కలిపి 18 కిలోలు. మోయాల్సిన శామ్ బెర్న్స్ బరువే దాదాపు 23 కిలోలు. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన ఈ కుర్రాడికి ప్రొజీరియా. ఎల్ఎమ్ఎన్ఎ జన్యువులో ఒక్క అక్షరం మారడంతో ప్రొజెరిన్ అనే లోపపు ప్రోటీన్ తయారై, చిన్నతనంలోనే రక్తనాళాలు ముసలివాళ్లవిలా గట్టిపడతాయి. అయినా బడి బ్యాండులో కవాతు చేస్తూ వాయించాలన్నది అతని కోరిక. ఓ ఇంజినీరు 3 కిలోలైనా లేని సరంజామా తయారుచేసి ఇచ్చాడు. శామ్ కవాతు చేశాడు.

వైద్యులైన తల్లిదండ్రులు 1999లో పరిశోధన సంస్థ పెట్టారు. 2003లో కారణమైన జన్యువు దొరికింది. లోనాఫార్నిబ్ మందు తొలి పరీక్షల్లో శామ్ కూడా పాల్గొన్నాడు. అలాగని అతణ్ణి మందు కథలో ఒక పాత్రగానే చూడటం అన్యాయం. 2013లో టెడెక్స్ వేదికపై అతను మాట్లాడింది బ్యాండు గురించి, స్నేహితుల గురించి. 2014 జనవరిలో, 17 ఏళ్లకు కన్నుమూశాడు. మందుకు అమెరికాలో అనుమతి 2020లో వచ్చింది.