కొత్త కంప్యూటర్‌కూ కావాలి కచ్చా కుట్టు!

జాకెట్టు గుడ్డ కత్తిరించగానే ఎవరమూ నేరుగా పక్కా కుట్టు వేసేయం. ముందు కచ్చా కుట్టు వేసి, ఒంటికి పెట్టి చూసుకుని, బిగువూ వదులూ సరిచేసుకున్నాకే మిషను మీదికి తీసుకెళతాం. ఇంట్లో బిగించుకునే కంప్యూటర్‌కీ ఇదే సూత్రం.

ఇంజనీరింగ్ చదివే పిల్లలు, వీడియోలు ఎడిట్ చేసే పిల్లలు చాలామంది ఇప్పుడు రెడీమేడ్ కంప్యూటర్ కొనడం లేదు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల విడిభాగాలు కొనుక్కొచ్చి సొంతంగా బిగించుకుంటున్నారు. ఆ డబ్బు కొందరిళ్లలో చీటీ పాడిన డబ్బు, కొందరిళ్లలో ఏడాదిపాటు దాచిన డబ్బు. అందుకే, స్క్రూ తిప్పడం మనకు రాకపోయినా, ఆ పని ఏ వరసలో జరగాలో తెలిసి ఉండడం మంచిది.

బల్ల మీదే ఎందుకు?

అన్నీ కేబినెట్‌లో బిగించి, తీగలన్నీ కట్టేసి, బటన్ నొక్కితే తెర మీద ఏమీ రాలేదనుకోండి. తప్పు ఎక్కడుందని వెతుకుతారు? అన్నీ విప్పాల్సిందే. విప్పే కంగారులో మరొకటి విరగొచ్చు. అదే బల్ల మీద నాలుగు భాగాలతో పరీక్షిస్తే తప్పు పది నిమిషాల్లో దొరుకుతుంది. దుకాణం వాళ్లు మార్చి ఇచ్చే గడువు కూడా దాటిపోదు.

ఈ పద్ధతిని ఇంగ్లీషులో 'బ్రెడ్‌బోర్డింగ్' అంటారు. ఆ పేరు పుట్టింది వంటింట్లోనే! పూర్వం సొంతంగా రేడియోలు తయారు చేసుకునేవాళ్లు రొట్టె కోసే చెక్కపీట మీద మేకులు కొట్టి, తీగలు చుట్టి పరీక్షించుకునేవారట.

కావలసినవి

మదర్‌బోర్డు, ప్రాసెసర్, దానిమీద కూర్చునే కూలర్, ఒకే ఒక్క ర్యామ్, పవర్ సప్లై, మానిటర్, కీబోర్డు. అంతే. మిగతావన్నీ తరువాత. కొన్ని ప్రాసెసర్లకు బొమ్మ చూపించే శక్తి ఉండదు. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్నవి అలాంటివే. వాటికి గ్రాఫిక్స్ కార్డు కూడా మొదటే పెట్టాలి.

ముందు జాగ్రత్తలు

బల్ల పొడిగా ఉండాలి. అప్పుడే తడిగుడ్డ పెట్టిన గచ్చు మీద నిలబడి ఈ పని చేయవద్దు. గాజులు, ఉంగరాలు తీసేయండి. మెడలో గొలుసు లోపలికి వేసుకుని, కొంగు నడుముకు దోపుకోండి.

మదర్‌బోర్డును అది వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టాలి. దుప్పటి, తివాచీ, పట్టుబట్ట పనికిరావు. అది చుట్టి వచ్చిన మెరిసే సంచీ కూడా వద్దు. దాని పైపొర గుండా కరెంటు పారే అవకాశం ఉంది.

చలికాలంలో ఉన్ని దుప్పటి లాగితే చిటపటమంటుంది చూశారా? ఆ స్థిర విద్యుత్తే చిప్పులకు శత్రువు. మనకు చురుక్కుమని తెలియాలంటే సుమారు మూడువేల వోల్టులు ఉండాలి. చిప్పు పాడవడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. కాబట్టి పవర్ సప్లై ప్లగ్గును ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టి, స్విచ్ వేయకుండా, దాని ఇనుప పెట్టెను ఓసారి ముట్టుకోండి. ఒంట్లో చేరిన విద్యుత్తు పోతుంది. తరువాత ప్లగ్గు పీకేసి పని మొదలుపెట్టండి.

పవర్ సప్లై పెట్టె మూత మాత్రం ఎవరూ, ఎప్పుడూ విప్పకూడదు. ఇంట్లోని 230 వోల్టుల కరెంటు వెళ్లేది దానిలోకే. ప్లగ్గు తీసినా లోపల కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. ఇది ప్రాణాలకు సంబంధించిన మాట.

పరీక్షించే విధానం

ప్రాసెసర్ పెట్టే చోటును ముందు ఫోనుతో ఫొటో తీయండి. ఇప్పటి బోర్డుల్లో సన్నటి పిన్నులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఒక్కటి వంగినా వారంటీ రాకపోవచ్చు. మూలన ఉన్న త్రికోణం గుర్తులు కలిపి ప్రాసెసర్‌ను దానంతట అది కూర్చునేలా పెట్టాలి. నొక్కకూడదు. దానిమీద బఠాణీ గింజంత థర్మల్ పేస్టు. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటే తప్పకుండా ఒలిచేయాలి. కూలర్ ఫ్యాన్ తీగను 'సీపీయూ ఫ్యాన్' అని రాసి ఉన్న చోట గుచ్చాలి.

ర్యామ్‌ను క్లిక్‌మనేదాకా నొక్కాలి. నాలుగు గాడులుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. బోర్డుతో వచ్చిన పుస్తకంలో చూసి ఖాయం చేసుకోండి. పవర్ సప్లై నుంచి 24 పిన్నుల పెద్ద తీగ, ప్రాసెసర్ పక్కన 8 పిన్నుల చిన్న తీగ, రెండూ పెట్టాలి. చాలామంది మరిచిపోయేది ఈ రెండోదాన్నే.

ఇక బటన్ ఏది? బల్ల మీద బటన్ ఉండదు కదా! కేబినెట్‌ను దగ్గరకు జరిపి, దాని పవర్ బటన్ తీగను బోర్డు మీది రెండు పిన్నులకు తగిలిస్తే సరి. కొందరు స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండింటినీ తాకిస్తారు. అక్కడ ఉండేది తక్కువ వోల్టేజీయే గానీ, పక్క పిన్ను తగిలితే బోర్డుకే ప్రమాదం. తీగ పద్ధతే మేలు.

ఇప్పుడు ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి, బటన్ నొక్కండి. డిడిఆర్5 రకం ర్యామ్ అయితే మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. కంగారుపడి ఆపేయవద్దు. తెర వెలగగానే 'డిలీట్' గాని 'ఎఫ్2' గాని నొక్కితే బయాస్ తెర వస్తుంది. అక్కడ ర్యామ్, ప్రాసెసర్ పేరు సరిగా ఉన్నాయో లేదో, వేడి ఎంతుందో చూడండి. వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే బాగున్నట్టే. చూస్తుండగానే 90 వైపు ఎగబాకితే వెంటనే ఆపి, కూలర్ సరిగా కూర్చుందో లేదో చూడాలి. కాలిన వాసనో, పొగో వస్తే గోడ స్విచ్ ఆపేయండి.

వెలగకపోతే?

చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏది ఆరకుండా ఉంటే తప్పు అటువైపు. ఏది మార్చాలన్నా ముందు ప్లగ్గు తీయాలి. తరువాత పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. కూరలో ఉప్పు, కారం, పులుపు ఒకేసారి మారిస్తే రుచి దేనివల్ల చెడిందో తెలియదు కదా!

మాకు తెలిసిన వాళ్లింట్లో రెండు ర్యాములూ కలిపి పెడితే తెర వెలగలేదు. అబ్బాయి మదర్‌బోర్డే పోయిందని దిగులుపడ్డాడు. వాళ్లమ్మ "ఒక్కోటీ విడిగా పెట్టి చూడు నాన్నా" అంది. ఒకటి మంచిది, రెండోది పాడైనది. బిల్లు, పెట్టె భద్రంగా ఉన్నాయి కాబట్టి మర్నాడే మార్చి ఇచ్చారు. అంతా బిగించాక బయటపడి ఉంటే మంచి బోర్డును పట్టుకుని దుకాణం చుట్టూ తిరిగేవాళ్లు.

మొదటి ర్యామ్‌తో వెలిగాక, ఇదే పద్ధతిలో రెండో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోవాలి. ఉచితంగా దొరికే 'మెమ్‌టెస్ట్86'ను పెన్‌డ్రైవ్‌లో వేసి నడిపిస్తే ర్యామ్‌లో లోపాలుంటే ఎర్రగా చూపిస్తుంది.

అన్నీ బాగుంటేనే కేబినెట్. బల్ల మీద వెలిగింది లోపల పెట్టాక వెలగకపోతే, బోర్డు కింద ఉండే ఇత్తడి కాళ్లను ముందు అనుమానించండి. బోర్డుకు రంధ్రం లేని చోట కాలు ఉంటే అది వెనక తగిలి షార్ట్ అవుతుంది.

దుకాణంలోనే బిగించి ఇస్తామన్నా, బిల్లు కట్టేముందు వెలిగించి చూపించమని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. బిల్లు, పెట్టెలు, సీరియల్ నంబర్ల ఫొటోలు కనీసం గడువు ముగిసేదాకా అటక మీద ఉంచండి. మరి మీ ఇంటికి ఆ పెట్టెలు వచ్చిన రోజున, స్క్రూడ్రైవర్ పట్టుకుని కేబినెట్ మీదికి ఉరికే మీ అబ్బాయికో, అమ్మాయికో చెబుతారు కదూ, ముందు బల్ల మీద వెలిగించి చూపించమని!