పిల్లలకు చేతిఖర్చు ఇయ్యవలెనా?

“పిల్లవాని చేతికి డబ్బిచ్చిన చెడిపోవును” అను మాట వినని యిల్లు మన గ్రామములలో లేదు. అట్లనెడి తండ్రియే సంతనాడు బిడ్డ యేడ్చినంతనే పది రూపాయలు తీసి యిచ్చును. తిరునాళ్లలో మేనమామ యేబది రూపాయల నోటు మేనల్లుని జేబులో పెట్టినపుడు మిన్నకుండును. పండుగకు వచ్చిన చుట్టములు తిరిగి వెళ్లునపుడు పిల్లల చేతులలో డబ్బుంచి పోవుట మర్యాదగానే యెంచబడుచున్నది. కావున ఇయ్యవలెనా, కూడదా యను ప్రశ్న మన యిండ్లలో నిజముగా లేదు, ఇచ్చుచునే యున్నాము. ఎప్పుడు, ఎంత, ఏ లెక్కన ఇచ్చుచున్నామో మనకు తెలియదు. పిల్లవానికి అంతకన్నను తెలియదు. ఏడ్చిన వచ్చును, ఏడ్వనిచో రాదు అను ఒక్క సంగతిని మాత్రము వాడు చక్కగా నేర్చుకొనుచున్నాడు.

పట్టణములోని ఉద్యోగికి నెల తిరుగగానే జీతము వచ్చును. ఈ నెల పొరపాటు వచ్చు నెలలో సరిపడును. రైతు సంగతి అట్లు కాదు. సార్వా పంట అమ్మినపుడొకమారు, దాళ్వా పంట అమ్మినపుడొకమారు సొమ్ము చేతికి వచ్చును. మెట్టపొలముల వారికి ఏడాదికి ఒక్కమారే. అట్లు గంపగుత్తగా వచ్చినదానిని విత్తనములకు, ఎరువులకు, కూలీలకు, పిల్లల చదువులకు, వైద్యునకు విభజించి నెలల తరబడి నడుపవలెను. ధాన్యమును పురుగు పట్టకుండ గాదెలో నిలువచేయుటకన్న ఈ పని కష్టము. ధాన్యము నిలువచేయుట బిడ్డకు మనము పక్కనుంచి నేర్పుచున్నాము. సొమ్ము నిలువచేయుట ఎవరును నేర్పరు.

జాతీయ గణాంక కార్యాలయము వారు 2019లో జరిపిన పరిశీలనలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబములలో నూటికి 93, తెలంగాణలో నూటికి 91కి పైగా అప్పులో నున్నట్లు తేలెను. దేశమంతటిని జూచిన ఆ సంఖ్య నూటికి 50 మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ మొక్కింటికి సగటు అప్పు రమారమి 2 లక్షల 45 వేల రూపాయలు. ఈ అప్పంతయు దుబారావలన కలిగినదని చెప్పువాడు రైతు నెరుగనివాడు. వాన తప్పుట, బోరు ఎండుట, కౌలు పెరుగుట, ధర పడిపోవుట, వీనికి పిల్లవాని పది రూపాయలు మందు కావు. అయితే నూటికి రెండు రూపాయల వడ్డీ యనగా నెలకు రెండు, ఏడాదికి ఇరువదినాలుగు అని గుణించి చూడకయే అప్పుపత్రముపై సంతకము పెట్టు యువకులను నేను తిరుగు ప్రతి గ్రామమునను చూచుచున్నాను. వీరిలో పదవ తరగతి దాటినవారే యెక్కువ. లెక్కలు రాక కాదు. తమ సొంత సొమ్ముతో ఆ లెక్క యెన్నడును వేసి యెరుగరు. అట్టి కుఱ్ఱవానికి తండ్రి కాలముచేసిన మరునాడు మూడెకరముల పొలమును, పాసుపుస్తకమును, అప్పును ఒక్కమారుగా చేతికి వచ్చును. పది రూపాయలతో చేయదగిన తప్పులను వాడు అప్పుడు రెండు లక్షలతో చేయును.

డబ్బీయకుండుటవలన బిడ్డ డబ్బుకు దూరముగా నుండునని తలచుట కూడ పొరపాటు. మహాత్మాగాంధి తన ఆత్మకథలో వ్రాసికొన్న సంగతి పెక్కుమంది యెరిగినదే. పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున బంధువైన మరియొక బాలునితో గూడి పొగ త్రాగుటకు ఆశపడి, చేత పైస లేనందున నౌకరు డబ్బులలోనుండి కాసులు దొంగిలించెను. పదునైదవ యేట అన్నగారు చేసిన 25 రూపాయల అప్పు తీర్చుటకై ఆయన చేతి బంగారు కడియమునుండి తునుక తీసిరి. తరువాత తండ్రికి చీటి వ్రాసి యిచ్చి ఒప్పుకొనుట గొప్ప విషయమే. చేతిఖర్చు నిచ్చియున్న ఈ దొంగతనములు జరుగక పోయెడివని నేననను. పొగాకు ఆశకు మందు వేరు. కాని డబ్బులేని బాలుడు డబ్బు నెరుగనివాడు కాడని మాత్రము దీనివలన తెలియుచున్నది. ఆ గాంధియే లండను నగరమున చదువుకొనునపుడు ప్రతి కాసుకును లెక్క వ్రాసి పెట్టెను. పిమ్మట లక్షలాది ప్రజాధనమును నడుపవలసి వచ్చినపుడు ఆ యలవాటే తన్ను కాపాడెనని చెప్పుకొనెను. సంఘముల లెక్కలు తనిఖీ చేయించుకొనువారికి ఈ మాట విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ఇచ్చు విధము. సంతదినమున, వారమున కొక్కమారు, ముందుగా చెప్పిన మొత్తమును మాత్రమే ఇయ్యవలెను. ఆరేడేండ్ల బిడ్డకు పది రూపాయలు చాలును. పదేండ్లు దాటినవానికి ఇరువదియో ముప్పదియో యింటి స్తోమతును బట్టి యుండవచ్చును. మొత్తముకన్న నియమము ముఖ్యము. పంట అమ్మిన వారము నూరును, కలుపుతీత వారము సున్నయు నిచ్చిన, మన కష్టమే బిడ్డకు గూడ అంటించినవారమగుదుము. కరవు సంవత్సరమున తగ్గింపవలసి వచ్చినచో, ఎందుకు తగ్గుచున్నదో చెప్పి తగ్గింపుడు. “నాన్న దగ్గర లేదు” అనుటకన్న “మిరపకు ధర రాలేదు, ఈ రెండు నెలలు అయిదే” యనుట మేలు. పిల్లలు మనమనుకొన్నదానికన్న బాగుగా గ్రహింతురు.

ఇచ్చిన పిమ్మట చేయి చాపి అడుగరాదు. ఇదియే పెద్దలకు మిక్కిలి కష్టమైన పని. నాకు తెలిసిన మెట్టరైతు ఒకరు తన కుమారునికి సంతనాడు ఇరువది రూపాయలిచ్చుట మొదలుపెట్టెను. మొదటి వారము వాడు మధ్యాహ్నము కాకమునుపే జీళ్లును, రంగునీళ్ల సీసాయు, అరగంటలో విరిగిపోవు బొమ్మకారును కొని, సాయంకాలము చెరకురసపు బండియొద్ద చేతులు జోడించుకొని నిలుచుండెను. తల్లి జాలిపడి కొంగుముడి విప్పబోగా తండ్రి వలదనెను. రెండవ వారమును అంతే. మూడవ వారము వాడు సంతయంతయు ఒక చుట్టు తిరిగి, ధరలడిగి, ఏమియు కొనక మరల తిరిగెను. ఆ రెండవ చుట్టే పాఠము. తల్లి ఆనాడు కొంగుముడి విప్పియున్నచో వాడా చుట్టు తిరిగియుండడు.

ఇంగ్లండు దేశపు తత్త్వవేత్త జాన్ లాకు 1693లో ప్రకటించిన విద్యావిషయక గ్రంథమున, కుమారుడు జమాఖర్చు వ్రాయుట నేర్వవలెనని చెప్పుచు, తండ్రి యిచ్చిన సొమ్మునకు కుమారుడే పూర్తి యజమానుడుగా నుండవలెననియు, లెక్క వ్రాయించుట అలవాటు కొరకే గాని తప్పులెన్నుటకు గాదనియు వివరించెను. అది కలవారి బిడ్డల కొరకు వ్రాసిన గ్రంథము. అయినను ఈ ఒక్క మాట పూరియింటికిని చెల్లును. నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహమున ఇంటినుండి వచ్చిన డబ్బును వార్డెనుగారు పుస్తకములో మా పేర జమకట్టుకొని, శనివారము శనివారము అడిగినంత యిచ్చి సంతకము తీసికొనెడివారు. ఎందుకని యడిగెడివారు కారు. మిగిలినదెంతయో మాత్రము బిగ్గరగా చదివెడివారు. పదిమందిలో ఆ సంఖ్య వినబడుట చాలియుండెను.

పనికి కూలిగా ఈ డబ్బు నిచ్చుట నాకు సమ్మతము కాదు. పేడ యెత్తిన రెండు రూపాయలు, నీళ్లు తెచ్చిన మూడు రూపాయలు అని మొదలుపెట్టిన, ఇల్లు మస్తరుపట్టీ యగును. అవ్వకు మందు తెచ్చి యిచ్చుటకును బిడ్డ చేయి చాపును. మార్కులకు వెలకట్టుటయు అట్టిదే. బిడ్డలచేత పనిచేయించు విషయమున చట్టమును మరువరాదు. 2016లో సవరించిన చట్టము ప్రకారము 14 ఏండ్లలోపు పిల్లలను కూలికి పెట్టుట నేరము. సొంత కుటుంబపు పనిలో తోడ్పడుటయు బడివేళలు గాక, లేదా సెలవులలో, ప్రమాదము లేనిదై యుండవలెను. పురుగుమందు కొట్టుచున్న చేనిలోనికి బిడ్డను తీసికొనిపోవువారు ఈ చివరి మాటను రెండుమారులు చదువుకొనవలెను.

అయితే రైతు చేతిలో ఉద్యోగికి లేని ఉపాయమొకటి గలదు: డబ్బుకు బదులు డబ్బు పుట్టించు వస్తువునే బిడ్డ కియ్యవచ్చును. ఒక కోడిపెట్ట, ఒక మేకపిల్ల, పెరటిలో రెండు మునగచెట్లు. అమెరికా దేశపు ఒహైయో రాష్ట్రమున 1902లో గ్రాహాము అను పాఠశాలాధికారి పల్లె పిల్లలను కూర్చి, మొక్కజొన్న, కూరగాయలు సాగుచేయించి, నేల పరీక్షింపజేసెను. నాలుగు ‘హెచ్’ల సంఘములని పేరొందిన బాలుర బాలికల వ్యవసాయ సంఘములకు అదియొక మూలము. మన దక్షిణదేశముననే, నాటి తిరువాన్కూరు సంస్థానములోని మార్తాండమున, వై.ఎం.సి.ఏ. వారు 1920 తరువాతి యేండ్లలో స్పెన్సరు హాచి యను నాతని ఆధ్వర్యమున మేలుజాతి కోళ్లు పెంపించి, గ్రుడ్లను సహకార పద్ధతిని అమ్మించిరి.

నాటుపెట్ట యేడాదికి 60 మొదలు 80 గ్రుడ్లు పెట్టును. హైదరాబాదు కోళ్ల పరిశోధనాలయము వారు రూపొందించిన వనరాజ జాతి పెరటిలో నూరు దాటించును. పిల్లవాడు గ్రుడ్ల లెక్క వ్రాసికొని, కొన్ని యమ్మి, కొన్ని పొదిగించి, కొక్కెర తెగులుకు టీకా వేయించిన, జీతపు డబ్బువలన నేర్వలేని సంగతిని నేర్చుకొనును: సొమ్ము పుట్టుటకు ముందు ఖర్చు పుట్టును. గ్రద్ద యెత్తుకొనిపోయిన కోడిపిల్ల కూడ లెక్కలో చేరును.

ఇచ్చట ఒక దురాచారమును గూర్చి చెప్పక తప్పదు. “ఇది మా పెద్దవానిది” యని పేరుపెట్టి, మేకపిల్లను వానిచేత మేపించి, పండుగ రాగానే వాని నడుగకయే కోసికొనుటయో, ఎరువులకు చాలలేదని సంతకు తోలుటయో మన యిండ్లలో తరచుగ జరుగును. తల్లిదండ్రులకు నవ్వులాటగా నుండును. బిడ్డ మాత్రము దానిని మరువడు. తనదన్నది తనది కాదని తెలిసికొన్నవాడు మరల దాచడు. ఇంటికి అవసరము వచ్చుట సహజమే. అప్పుడు వాని నడిగి, అప్పుగా తీసికొని, గడువు చెప్పి, ఆ గడువులో తీర్పవలెను. సంఘమునకు వాయిదా తప్పని రైతు కొడుకునకు వాయిదా తప్పుట చూచితిని.

క్రొత్తగా వచ్చిన చిక్కు సెల్‌ఫోను. రూపాయికి 16 అణాల లెక్క 1957 ఏప్రిల్ 1వ తేదీన నూరు నయాపైసలుగా మారినపుడు సంతలలో కొంతకాలము తికమక నడచెను. అయినను నాణెము చేతిలోనే యుండెను. 2016లో యు.పి.ఐ. చెల్లింపులు వచ్చినది మొదలు, చేతిలో నాణెమే లేదు. తండ్రి ఫోను పట్టుకొని దుకాణమునకు పోవు బాలుడు గీతల చతురమును చూపి, అంకె నొక్కి, సరకు తెచ్చుకొనును. జేబులో నాణెములు తరిగిపోవుట వానికి కనబడదు. ఎంత మిగిలెనో తండ్రికే తెలియదు. అందుచే చేతిఖర్చును నాణెములుగను, నోట్లుగను మాత్రమే ఇయ్యవలెనని నా దృఢాభిప్రాయము. ఫోనులోని పందెపు ఆటలను నిషేధించుచు తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను, కేంద్రము 2025లోను చట్టములు చేసినవి. చట్టమున్నను, ఫోను రహస్యసంఖ్య నెరిగిన కుఱ్ఱవానికిని ఖాతాకును మధ్య అడ్డుగ నిలువవలసినది ఇంటివారే.

ఆడపిల్లల మాట వచ్చునప్పటికి “దానికి డబ్బెందుకు?” అందురు. నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమము తరువాత, రోజుకొక రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘములు నడిపినది ఎవరు? ఆడవారి చేతిలో డబ్బు నిలువదనిన మాట ఆనాడే తీరిపోయినది. సుకన్యా సమృద్ధి ఖాతా 2015 నుండి గలదు. పదేండ్లలోపు బాలిక పేర తెరచి ఏడాదికి కనీసము 250 రూపాయలు వేయవలెను. అది మంచిదే. కాని అది తల్లిదండ్రుల పొదుపు. బాలిక ఆ డబ్బును చూడనైన చూడదు. అన్నకు సంతనాడు ఇరువది యిచ్చినచో చెల్లెలికిని ఇరువది యియ్యవలెను.

దాచుకొనుటకు పదేండ్ల వరకు మట్టిముంత చాలును. పదేండ్లు నిండిన బాలబాలికలు తమ ఖాతాను తామే నడుపుకొనుటకు రిజర్వు బ్యాంకు 2014 మే నెలలో అనుమతించి, 2025 ఏప్రిలులో ఆ నియమములను తిరిగి ప్రకటించినది. ఎంతవరకు నడుపనిచ్చుట ఆయా బ్యాంకుల నిర్ణయము. ఖాతాలో నున్నదానికి మించి తీయుటకు మాత్రము వీలులేదు. తపాలా కార్యాలయమునను పదేండ్లు నిండినవారికి తమ పేరనే పొదుపుఖాతా యిత్తురు. అందు మొదట వేయవలసినది 500 రూపాయలు. వారమునకు పది చొప్పున ముంతలో వేసిన ఏడాదిలో అంత కూడును. ముంత పగులగొట్టుటకు సంక్రాంతి తరువాతి దినములు అనుకూలముగ నుండును; పండుగకు చుట్టములిచ్చినదియు అందులో కలియును.