ఆవగింజంత మందు

“ఇక సూది నొప్పి లేదు!” అన్న శీర్షికను ఎడిటర్ గారు ముందే ఖాయం చేసేశారు. దాని కిందికి గురువారం సాయంత్రానికల్లా కథనం ఇవ్వడం నా వంతు. చిన్న పట్టీ, దాని మీద కంటికి ఆనీ ఆనని సూదులు. చర్మానికి అద్ది నొక్కితే అవి లోపలే కరిగి, మందు వదిలి మాయమైపోతాయి. ముఖచిత్రానికి ఇంతకన్నా మంచి సరుకేం కావాలి? నా పేచీ అంతా శీర్షికతోనే.

పేచీకి మూలం 2017 జూన్‌లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వచ్చిన ఓ పరిశోధన పత్రం. అమెరికాలోని అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ వైద్యులు, జార్జియా టెక్ ఇంజినీర్లు కలిసి వందమందిని తీసుకుని ఫ్లూ టీకాను పరీక్షించారు. కొందరికి మామూలు ఇంజెక్షన్ ఇచ్చారు. కొందరికి సిబ్బందే పట్టీ అంటించారు. కొందరు తమంతట తామే అంటించుకున్నారు. మిగిలినవాళ్లకు మందులేని ఉత్తుత్తి పట్టీ. మణికట్టు వెనకవైపు 20 నిమిషాలు ఉంచితే చాలు. తగినంత బలంగా నొక్కామో లేదో తెలియడానికి టిక్కుమనే ఏర్పాటు కూడా ఉంది. 28 రోజుల తర్వాత యాంటీబాడీలు చూస్తే ఇంజెక్షన్‌కూ పట్టీకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. సొంతంగా అంటించుకున్నవాళ్లూ వెనకబడలేదు.

ఇంతవరకూ శీర్షికకు ఢోకా లేదు. ఆ తర్వాత దుష్ఫలితాల లెక్కలు వచ్చాయి. పట్టీ టీకా వేసుకున్న 50 మందిలో 41 మందికి ఆ చోట దురద, 20 మందికి ఎర్రదనం, 33 మందికి ముట్టుకుంటే నొప్పి. ఇంజెక్షన్ తీసుకున్న 25 మందిలో దురద నలుగురికే, ఎర్రదనం ఒక్కరికీ లేదు, ముట్టుకుంటే నొప్పి 15 మందికి. ఇవన్నీ తేలికపాటివే, వాటంతటవే తగ్గిపోయాయి. మళ్లీ వేయించుకోవాల్సి వస్తే దేన్ని కోరుకుంటారని అడిగితే పట్టీ వేసుకున్నవాళ్లలో నూటికి 70 మంది పట్టీకే ఓటేశారు. గుచ్చేటప్పటి బాధ తగ్గిన మాట నిజమే. దురద సంగతి మాత్రం ముఖచిత్రం మీద ఎవరూ వేయరు.

నన్ను నిజంగా ఆకట్టుకున్నది అదే పత్రంలోని మరో ముక్క. పట్టీలోని టీకాను 40 డిగ్రీల వేడిలో ఏడాది పాటు ఉంచినా పనితనం నిలిచింది. 40 డిగ్రీలంటే మనకు ఏప్రిల్ మధ్యాహ్నం. మామూలు టీకాలను చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే దాచాలి. ఏజెన్సీ గూడేలకు ఐసు ప్యాకుల డబ్బా భుజాన వేసుకుని నడిచే ఏఎన్‌ఎంను అడిగితే, ఈ పట్టీ గొప్పతనం నొప్పి లేకపోవడంలో ఉందో ఫ్రిజ్ అక్కర్లేకపోవడంలో ఉందో తడుముకోకుండా చెబుతుంది. నీళ్లలో ఉన్న ప్రొటీన్ కదిలి, విప్పుకుని, గడ్డకట్టి పాడవుతుంది. ట్రెహలోజ్ లాంటి చక్కెరతో కలిపి ఆరబెడితే గాజులో ఇరుక్కున్నట్టు కదలక పడి ఉంటుంది. సూదుల తయారీ కూడా ఆరబెట్టడమే. సిలికోన్ అచ్చులోని సన్నటి గుంటల్లో మందు, చక్కెర, నీళ్లలో కరిగే పాలిమర్ కలిసిన ద్రవం పోసి, గాలి లాగేసి, ఆరాక ఊడదీస్తారు.

అసలు ఈ తంటా ఎందుకంటే, ప్రొటీన్ మందును మింగితే కడుపు దాన్ని అన్నంలోని పప్పులాగే అరిగించేస్తుంది. పైపూతగా రాస్తే చర్మం రానివ్వదు. పైనున్న మృతకణాల పొర మందం పది, ఇరవై మైక్రాన్లే అయినా, అణుభారం 500 డాల్టన్లు దాటిన మందును అది లోపలికి రానివ్వడం అరుదు. ఇన్సులిన్ 5,800, యాంటీబాడీ మందులు దాదాపు లక్షన్నర. కాబట్టి ఆ పొరకు చిల్లు పెట్టాల్సిందే.

ఎంత మందు పడుతుంది? ఈ ప్రశ్న దగ్గరే నేను కాలిక్యులేటర్ తీశాను. జార్జియా టెక్ తరహా పట్టీలో సూదులు వంద. ఒక్కోటి 650 మైక్రాన్ల ఎత్తు, అడుగున 200 మైక్రాన్ల వెడల్పు ఉన్న శంఖువు అనుకుందాం. వందా కలిపితే ముప్పాతిక ఘన మిల్లీమీటరు కూడా రాదు. ఓ చిన్న ఆవగింజంత, బరువు ఒక మిల్లీగ్రాములోపే. అందులో సింహభాగం చక్కెర, పాలిమర్. మందు ఐదోవంతు అనుకుంటే 0.18 మిల్లీగ్రాములు.

ఫ్లూ టీకాలో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాముల చొప్పున మూడు రకాలకు 45 మైక్రోగ్రాములు, హాయిగా పడుతుంది. ఎముకల గుల్లదనానికి రోజూ వేసే టెరిపారటైడ్ 20 మైక్రోగ్రాములు, అదీ పడుతుంది. ఇన్సులిన్ ఒక యూనిట్ 0.0347 మిల్లీగ్రాములు. రోజుకు 40 యూనిట్లు వేసుకునే మనిషికి దాదాపు 1.4 మిల్లీగ్రాములు కావాలి, అంటే ఎనిమిది పట్టీలు. కీళ్లవాతానికిచ్చే అడాలిముమాబ్ డోసు 40 మిల్లీగ్రాములు. రెండువందల పైచిలుకు పట్టీలతో ఒళ్లంతా కప్పుకోవాలి! పట్టీ పెద్దది చేయొచ్చు, సూదులు పెంచొచ్చు. కానీ సూదులు పెరిగేకొద్దీ అన్నీ సమంగా దిగడం కష్టం. నాలుగో వంతు దిగకపోతే టీకాకు పెద్ద ముప్పు ఉండకపోవచ్చు. ఇన్సులిన్‌లో అది షుగర్ అదుపు తప్పడమే.

పోనీ బరువు సరిపోయిన మందైనా గట్టెక్కిందా? రేడియస్ హెల్త్ అనే అమెరికా సంస్థ అబలోపారటైడ్ అనే ఎముకల మందును పట్టీగా మార్చింది. అది కరిగే రకం కాదు, సూదుల మీద మందు పూసిన రకం. ఇంజెక్షన్‌లో 80 మైక్రోగ్రాములు, పట్టీలో 300, తొడ మీద ఐదు నిమిషాలు. మెనోపాజ్ దాటిన 511 మంది మహిళల మీద ఏడాది పరీక్ష చేసి 2021 డిసెంబరులో ఫలితం ప్రకటించారు. వెన్నెముక సాంద్రత ఇంజెక్షన్‌తో 10.86 శాతం పెరిగితే, పట్టీతో 7.14 శాతమే. ఇంజెక్షన్‌కు తీసిపోదని నిరూపించాలన్న లక్ష్యం తప్పింది. ఇంజెక్షన్ డోసును బట్టి చూస్తే నా ఆవగింజ లెక్కలో సునాయాసంగా నెగ్గాల్సిన మందు ఇది. మందు చర్మంలోకి పోవడం ఒకటి, ఒంట్లో పనిచేయడం ఇంకొకటి.

ఇంకో చిక్కు కూడా ఉంది. చర్మం పైపొరల్లో రోగనిరోధక కణాలు కాపలా కాస్తుంటాయి. టీకాకు అది వరం. రోజూ వేసుకునే మందుకు అదే గండం కావచ్చు. ఒళ్లు మందునే శత్రువనుకుని యాంటీబాడీలు తయారు చేస్తే మందు పనితనం పోతుంది.

చరిత్ర టూకీగా: అమెరికాలో ఆల్జా కంపెనీకి చెందిన గెర్‌స్టెల్, ప్లేస్ 1971లో దాఖలు చేసిన పేటెంటు 1976లో మంజూరైంది. అంత సన్నటి ముళ్లు చేసే పనిముట్లు లేక అది కాగితానికే పరిమితమైంది. కంప్యూటర్ చిప్పులు చెక్కే విద్యతో జార్జియా టెక్‌లో మార్క్ ప్రౌస్నిట్జ్ బృందం 1998లో సిలికాన్ సూదుల ఫలితాలు ప్రచురించింది. 2010లో కరిగే సూదులతో ఎలుకలకు ఫ్లూ టీకా. హైదరాబాద్‌లో బిట్స్ పిలానీ క్యాంపస్ నుంచి కూడా కరిగే సూదుల మీద పరిశోధన పత్రాలు వచ్చాయి.

బాక్స్: గాంబియాలో పసివాళ్లకు
తట్టు, రుబెల్లా టీకాను పట్టీగా పశ్చిమాఫ్రికాలోని గాంబియాలో పరీక్షించారు. ఫలితాలు 2024లో ‘లాన్సెట్’లో వచ్చాయి. ఐదు నిమిషాలు అంటిస్తే చాలు. ఒక్క డోసుతో శిశువుల్లో 93 శాతం మందికి తట్టు నుంచి, అందరికీ రుబెల్లా నుంచి రక్షణ స్థాయి వచ్చింది. ఈ టీకా ప్రొటీన్ కాదు, బలహీనపరచిన వైరస్. దాని బరువు లెక్కలోకే రాదు. ఇప్పటి టీకా పొడిని ద్రవంలో కలిపాక ఆరుగంటల లోపే వాడాలి, లేకపోతే పారేయాలి. పట్టీలో కలపడమే లేదు.

బాక్స్: కొనగలిగేది ముడతలకే
జపాన్, కొరియా కంపెనీలు హైఅలురోనిక్ ఆమ్లంతో చేసిన కరిగే సూదుల పట్టీలను కళ్లకింది ముడతలకు చాలా ఏళ్లుగా అమ్ముతున్నాయి. రోగులకన్నా ముందు సౌందర్యం సరుకు కొట్టేసింది.

ఎడిటర్ గారికి నా తీర్పు ఇదే: టీకాలకు, మైక్రోగ్రాముల్లో ఇచ్చే కొన్ని హార్మోన్లకు ఈ పట్టీ మీద ఆశ పెట్టుకోవచ్చు. రోజువారీ ఇన్సులిన్‌కు బదులుగా దీన్ని ముఖచిత్రం మీద అమ్మకూడదు. శీర్షిక మార్చారు, సంతోషం.

పాఠకులకు ఒక మాట. ఇన్సులిన్‌కు ఆమోదం పొందిన కరిగే సూదుల పట్టీ ఇంకా రాలేదు. ఆన్‌లైన్‌లో ‘షుగర్ తగ్గించే పట్టీ’ అని కనిపిస్తే కొనకండి. దాన్ని నమ్మి, ఇప్పుడు వేసుకుంటున్న ఇన్సులిన్ ఆపకండి. సూది బాధగా ఉంటే పెన్నుకు 4 మిల్లీమీటర్ల పొట్టి సూదులు మందుల షాపుల్లో దొరుకుతాయి. మీకు సరిపోతాయేమో డాక్టరును అడగండి.