రాతిపలకలో ఏనుగు ఎట్లు ఇమిడినది?

గోనెగండ్లలోని విద్యార్థి యొకడు రూపాయి నాణెమును సాయంకాలపుటెండలో ఏటవాలుగా పట్టి చూచినచో, దానిపై గల సింహముల రూపము స్పష్టముగా కానవచ్చును. కాని ఆ బొమ్మ ఎత్తు ఒక మిల్లీమీటరైనను ఉండదు! ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండి, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన శ్రీశైలమున, ఆలయ ప్రాకారముపై విజయనగర కాలపు శిల్పులు ఏనుగులను, గుఱ్ఱములను, వేట దృశ్యములను ఇట్లే ఉబ్బెత్తుగా చెక్కిరి.

అంత తక్కువ మందములో అంత పెద్ద రూపము ఎట్లు ఇమిడినది? ఒక మీటరు మందము గల ఏనుగును 2 సెంటీమీటరులకు అణచవలె ననుకొందము. అన్ని కొలతలను సమానముగా 50వ వంతు చేసినచో, 5 మిల్లీమీటరుల చర్మపు ముడత 0.1 మిల్లీమీటరు మాత్రమే అగును. అది కంటికి ఆనదు. ఏనుగు నున్నని దిబ్బవలె తోచును. అందుచేత శిల్పి పెద్ద ఎత్తుపల్లములను ఎక్కువగా అణచి, చిన్నవానిని దాదాపు అట్లే నిలుపును.

ఈ నేర్పునే గణితముగా మార్చి కంప్యూటరుచే చేయించవచ్చును. 2007లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇట్టి పద్ధతి నొకదానిని ప్రకటించిరి. మొదట రూపమును చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడి ఎత్తును వ్రాసికొందురు. తరువాత ఇరుగుపొరుగు గళ్ల భేదములను లెక్కించి, పెద్ద భేదములను బాగుగా తగ్గింతురు. తగ్గించిన భేదములు ఒకదానితో నొకటి పొసగవు. ఒక గడినుండి మరొక గడికి రెండు దారుల పోయినచో రెండు ఎత్తులు వచ్చును. ఆ తప్పును అంతటను సర్ది, కనిష్ఠము చేయుటకు పాయిజాన్ సమీకరణము తోడ్పడును.

ఇందు మరొక విశేషము కలదు. బెల్‌హ్యూమర్, క్రీగ్‌మన్, యూయిల్ అనువారు 1999లో చూపినట్లు, మెరుపులేని తలమును దూరము నుండి ఎదురుగా చూచినప్పుడు, లోతైన రూపమును, పలుచని రూపమును వెలుగు దిశ, తలపు రంగు తగినట్లు మార్చినచో ఒకే విధముగా కనిపింపజేయవచ్చును. అనగా ఒక్క ఛాయాచిత్రము శిల్పపు లోతును నిశ్చయముగా చెప్పజాలదు.

కావున వానకు, గాలికి, చేతుల రాపిడికి రాయి అరుగక మునుపే దాని ఎత్తులను కొలిచి భద్రపరచవలెను. అరిగిపోయిన ముడతను ఏ సమీకరణమును తిరిగి తేజాలదు.