బొటనవేలు చెప్పిన నడుము నొప్పి

పోయిన వేసవిలో మా పెదనాన్నకి నడుము నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. కిరాణా కొట్టు, రోజూ బియ్యం బస్తాలు దించే మనిషి, పట్టేసి ఉంటుందిలే అనుకున్నాం. మూడో రోజు రాత్రికి మంచం మీద పక్కకి కూడా తిరగలేకపోయారు. ఒళ్లు వెచ్చబడింది.

ఆస్పత్రిలో ఎమ్మారై తీశారు. నడుము దగ్గర రెండు పూసల మధ్య ఎముకని ఏదో కొరికేసినట్టు ఉంది, చుట్టూ వాపు. ఈఎస్ఆర్, సీఆర్పీ రెండూ ఎక్కువే. మన దేశంలో జ్వరం, నడుము నొప్పి, దెబ్బతిన్న పూస ఈ మూడూ కలిసి కనబడితే డాక్టర్లకి ముందు గుర్తొచ్చేది వెన్నుపూస టీబీ. అలా గుర్తురావడం తప్పేం కాదు. టీబీ మందులు మొదలుపెడదాం, నెలల తరబడి వాడాలి అన్నారు.

మర్నాడు కీళ్ల డాక్టరమ్మ వచ్చారు. ఆవిడ నడుము చూడకుండా దుప్పటి తీసి పాదాలు చూశారు. "ఈ బొటనవేలు ఎప్పుడైనా ఎర్రగా వాచిందా?" అని అడిగారు. పెదనాన్న లేదన్నారు. పెద్దమ్మ ఊరుకోలేదు. "ఏడాదికి రెండుసార్లు వాస్తుందమ్మా, అదీ అర్ధరాత్రి. దుప్పటి తగిలినా అరుస్తారు. నాలుగు రోజులకి అదే పోతుంది" అంది. మోచేతి వెనక గట్టి బుడిపె కూడా దొరికింది. దాన్ని మేం ఏళ్లుగా కొవ్వుగడ్డ అనుకుంటున్నాం.

అది టోఫస్. గౌట్ ఉన్నవాళ్లలో యూరేట్ స్ఫటికాలు పేరుకుని గడ్డకట్టిన ముద్ద. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసీలీటరుకి సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరిగి ఉండలేదు, చక్కెర ఎక్కువైన పాకంలా స్ఫటికం కట్టడం మొదలవుతుంది. చల్లగా ఉండే చోట ఇంకా త్వరగా కడుతుంది. బొటనవేలికి ముందు రావడానికి ఒక కారణం అదే. మరి ఒంటి మధ్యలో వెచ్చగా ఉండే వెన్నెముకకి ఎలా వచ్చింది? నాకూ అదే అనుమానం వచ్చింది. వెన్నుపూసల వెనక వైపు కూడా మోకాలికి ఉన్నట్టే జిగురు నీళ్లుండే చిన్న కీళ్లు ఉంటాయట. అరిగిన కీలులో స్ఫటికాలు తేలిగ్గా చేరతాయి. పూసల మధ్య డిస్కులోనూ చేరొచ్చు. అరుదే, కానీ వస్తే నడుము దగ్గరే ఎక్కువ.

మరి రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 6.3 వచ్చిందే, నార్మలే కదా అని నేను అడ్డం పడ్డాను. సరిగ్గా ఇక్కడే చాలామంది దారి తప్పుతారట. నొప్పి ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ఆ అంకె తగ్గి మామూలుగా కనబడొచ్చు. నొప్పి తగ్గాక రెండు వారాలకి మళ్లీ చూడాలి. ఆయనకి మళ్లీ చేస్తే 9.1.

ఎమ్మారైకి టీబీకీ గౌట్‌కీ కచ్చితంగా తేడా చెప్పడం రాదు. కాన్సర్ గడ్డతో కూడా పొరబడొచ్చు. ఆ తేడా చెప్పడంలో పనికొచ్చేది డ్యూయల్ ఎనర్జీ సీటీ. మన ఫిజిక్స్ ల్యాబు సంగతే ఇది. ఒకే చోటుని రెండు వేర్వేరు వోల్టేజీల ఎక్స్‌రేలతో తీస్తారు. కాల్షియం బరువైన పరమాణువు, వోల్టేజీ తగ్గిస్తే అది ఆపే ఎక్స్‌రే బాగా పెరుగుతుంది. యూరేట్‌లో ఉన్నవి ఎక్కువగా కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ లాంటి తేలికవి, అంత తేడా రాదు. కంప్యూటర్ ఆ తేడా లెక్కగట్టి రంగులేస్తుంది. పెదనాన్న ఎముక నీలంగా, దాని పక్కన ఆకుపచ్చ ముద్దలు. మా సిలబస్‌లో చదివి మర్చిపోయిన అటెన్యుయేషన్ అక్కడ మళ్లీ ఎదురైంది.

అయినా డాక్టరమ్మ దాంతో ఆగలేదు. గౌట్ ఉన్నవాడికి టీబీ రాకూడదని ఎక్కడా లేదు కదా! సీటీలో చూస్తూ సూది దించి ముక్క తీశారు. కొంత టీబీ పరీక్షకి, కల్చర్‌కి వెళ్లింది. మిగతాది ఆల్కహాల్‌లో వేసి పంపమన్నారు. మామూలుగా వాడే ఫార్మలిన్ నీళ్లతో కలిపింది కాబట్టి యూరేట్ అందులో కరిగిపోతుంది, వెతికే స్ఫటికమే మాయమవుతుంది. టీబీ లేదని వచ్చింది. పోలరైజ్డ్ కాంతి మైక్రోస్కోప్ కింద మాత్రం సూదుల్లాంటి స్ఫటికాలు మెరిశాయి. టోఫస్‌లో ఈ సూదుల్ని లీవెన్‌హుక్ 1679లోనే చూశాడు. అవి యూరేటేనని కీలు నీళ్లలో పోలరైజ్డ్ కాంతితో గుర్తుపట్టే పద్ధతి మాత్రం 1961లో మెకార్టీ, హోలాండర్ చూపించారు.

నన్ను భయపెట్టిన విషయం తర్వాత తెలిసింది. టీబీ మందుల్లో పైరజినమైడ్ ఒకటి ఉంటుంది. అది యూరిక్ యాసిడ్‌ని కిడ్నీల నుంచి బయటికి పోనివ్వదు. అంటే లేని టీబీకి మందు వేసి, ఉన్న గౌట్‌ని పెంచేవాళ్లం. ఆయన బీపీ మాత్రలో ఉన్న నీటి మందు కూడా ఏళ్లుగా అదే పని చేస్తోందట. అందరం మాంసం మీదా, బీరు మీదా నెపం వేస్తాం గానీ చాలామందిలో అసలు లోపం కిడ్నీలు పంపించలేకపోవడమే.

ఇది చదివి నడుము నొప్పి వచ్చిన ప్రతివాళ్లూ సీటీకి పరిగెత్తకండి. చాలా నొప్పులు కండరాలవే, కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. కాళ్లు బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా, జ్వరం ఉన్నా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. పాత గౌట్ గానీ, కిడ్నీ జబ్బు గానీ, బుడిపెలు గానీ ఉంటే డాక్టరు అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పాలి.

పెదనాన్నకి ముందు కోల్చిసిన్ ఇచ్చి నొప్పి తగ్గించారు, తర్వాత అల్లోప్యూరినాల్ చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచారు. బీపీ మాత్ర మార్చారు. అంకె 6 కింద ఉండాలట. పెద్దమ్మ ప్రతి టెస్టు కాగితం ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెడుతుంది. మొన్నటిది 5.6.