ఎఱ్ఱకణము చెప్పెడి సాక్ష్యము

పొయ్యిమీది అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఇల్లాలు ఒక మెతుకు పట్టి చూచును. వైద్యులును రోగమును గుర్తించుటకు ఇట్టి మెతుకునే వెదకుచుందురు. రక్తమునందో మూత్రమునందో కొలువదగిన అట్టి పదార్థమునకు రోగసూచిక యని పేరు.

మధుమేహమునకు అట్టి సూచిక యొకటి కలదు. రక్తమునకు ఎఱుపునిచ్చు హీమోగ్లోబినునకు రక్తములోని చక్కెర మెల్లమెల్లగా అంటుకొనును. అంటిన పిదప ఆ కణము నశించువఱకు సామాన్యముగా వదలదు. ఇట్టి హీమోగ్లోబిను మధుమేహరోగులలో నుండుటను ఇరాన్ దేశీయుడగు శామ్యూల్ రాహ్బర్ 1968 లో ప్రకటించెను. ఎఱ్ఱకణము దాదాపు 120 దినములు జీవించును. కావున దీనిని కొలిచినచో గడచిన రెండు మూడు నెలలలో చక్కెర ఏ మట్టమున నుండెనో తెలియును. పరీక్షకు ముందు రెండు పూటలు పథ్యము చేసి వైద్యుని ఏమార్చుట సాధ్యము కాదు! ఈ కొలత నూటికి 6.5 గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహముగా నెంచవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 లో తెలిపెను.

అయితే ఈ లెక్కయంతయు కణము 120 దినములు బ్రదుకుననెడి నమ్మకముపై నిలిచియున్నది. కొందఱిలో అది అంతకాలము బ్రదుకదు. ఎఱ్ఱకణమును కాపాడు జి6పిడి యను ఎంజైము వారికి పుట్టుకతోనే కొఱతపడియుండును. మలేరియా చిరకాలము పీడించిన ఆఫ్రికాయందును, మధ్యధరా ప్రాంతమునందును, మన దేశమునందును ఇట్టివారు కలరు. ఆ లోపమే మలేరియానుండి కొంత రక్షణ నిచ్చుటచేత వంశపరంపరగా నిలిచినది. వీరి కణములు త్వరగా నశించి, వాని స్థానమున క్రొత్తవి వచ్చుచుండును. క్రొత్త కణమునకు చక్కెర అంటుటకు వ్యవధి యేది? రక్తమున చక్కెర హెచ్చుగానే యున్నను కొలత తక్కువగా కనబడును.

2017 లో వెలువడిన యొక పరిశోధనలో సుమారు 1,60,000 మందిని పరిశీలించిరి. ఆఫ్రికా సంతతివారిలో కనబడు జి6పిడి జన్యుభేదము గల పురుషులలో ఈ కొలత సుమారు 0.8 మేరకు తగ్గుచున్నట్లు తేలినది. 7 ఉండవలసినచోట 6.2 కనబడినదనుకొనుడు. రోగి తనకేమియు లేదని సంతోషముతో ఇంటికి పోవును. కన్నును మూత్రపిండమును లోలోపల చెడుచునే యుండును. ఈ పరీక్షనొక్కదానినే నమ్మినచో అమెరికాలోని ఆఫ్రికా సంతతివారిలో దాదాపు 6,50,000 మంది మధుమేహము బయటపడక మిగిలిపోవుదురని ఆ పరిశోధకులు అంచనా వేసిరి.

జన్యుపరిశోధనలలో అధికభాగము ఐరోపా సంతతివారిపైననే జరిగినవి. వారిలో ఈ భేదము అరుదు. ఒక యింటి కుండలోని మెతుకు పట్టి చూచి, ఊరివారందఱి అన్నము ఉడికినదని చెప్పినట్లయినది.

అనుమానము కలిగినచోట వైద్యులు రక్తములోని చక్కెరనే నేరుగా కొలుతురు: పరగడుపున నొకసారి, గ్లూకోజు త్రాగించిన రెండు గంటలకు మఱియొకసారి. ఆ పరీక్షకు ఎఱ్ఱకణము వయస్సుతో పనిలేదు.